పెళ్ళికూతురి వెంట వెళ్ళే మనిషి

సింగపూర్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, లిఫ్టు. దేశమంతా గడియారంలా నడుస్తుందని ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా గొప్పగా చెప్పేదాన్ని గాని, ఆంగ్ మో కియోలో మేము అద్దెకున్న పాత బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగేది కాదు. ఆరులో ఆగేది, పదకొండులో ఆగేది. మేము ఉండేది ఎనిమిదిలో. ఆరులో దిగి పైకెక్కడమా, పదకొండు దాకా పోయి కిందికి దిగడమా అన్నది మా ఇంట్లో ఏ రోజుకా రోజు కొత్తగా మొదలయ్యే చర్చ. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తమ్మ దిగడమే మేలనేది. మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి కనుక రెండు మూడుకన్నా తక్కువని నిరూపించేవారు. ఆ బ్లాకు కట్టిన ఇంజినీరుకు ఎనిమిదో అంతస్తు వాళ్ళ మీద ఏదో పాత కక్ష ఉండి ఉంటుందని నేను అనేదాన్ని.

ఇంత చర్చించాక బియ్యం బస్తా మాత్రం మాలో ఎవరమూ మోసేవాళ్ళం కాదు. దాన్ని నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేది మా ఇంట్లో ఉండే ఒకామె. లిఫ్టు గురించి ఆమె అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఆమె ఎవరంటే, పక్కింటి చైనీస్ ఆంటీకి మెయిడ్ అని చెప్పాం. ప్రభుత్వం ఇచ్చిన కార్డు మీదా అదే ఉంది. మా అత్తమ్మ మాత్రం ఆ మాట వాడేది కాదు. "మెయిడేంది, మా మనిషి" అనేది. పనిమనిషి అనడం కన్నా అది మర్యాదగా ఉందని మొదట్లో నేను మురిసిపోయాను కూడా.

మా అత్తవారిది ఉత్తర తెలంగాణలో ఒక గడి. గడి అంటే ఊరికి మధ్యలో ఊరికన్నా ఎత్తుగా కట్టుకున్న దొరల ఇల్లు. నేను కోడలినయ్యేసరికి దానికి గోడలున్నాయి గాని తలుపులు లేవు. రైతుకూలీల సంఘం పుట్టి, పొలాల్లో ఎర్రజెండాలు పాతాక మా మామగారు కుటుంబాన్ని హైదరాబాద్ చేర్చారు. తలుపులు ఎవరెవరి ఇళ్ళకో చేరాయి. ఆ దిగులుతోనే ఆయన పోయారని అత్తమ్మ చెప్పేది, బీపీతో అని డాక్టరు చెప్పాడు. నేను అదే కులంలో పుట్టిన ఒక లెక్చరర్ కూతుర్ని. మా నాన్నకున్న భూమి అంతా పూలకుండీల్లో పట్టేది. ఎంసీయే చదివానని, ఎదురు మాట్లాడనని చేసుకున్నారు. రెండో దాంట్లో వాళ్ళకు సమాచారం సరిగ్గా అందలేదు.

ఆ ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. ఆడపిల్లను అత్తారింటికి సాగనంపేటప్పుడు వెండి, బంగారం, పాడి బర్రెతో పాటు ఒక పిల్లను కూడా వెంట పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. కొత్త ఇంట్లో పెళ్ళికూతురికి తల దువ్వడానికి, కాళ్ళు పట్టడానికి, తెలిసిన ముఖం ఒకటి కళ్ళ ముందుండటానికి. పెళ్ళికూతురు బతికినన్నాళ్ళూ ఆడబాప అక్కడే. ఆమెకు పెళ్ళి ఉండదు. పిల్లలు మాత్రం పుట్టేవారు. తండ్రి ఎవరన్నది ఊరందరికీ తెలిసిన సంగతి కనుక ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

మా అత్తమ్మ వెంట అలా వచ్చిన ఆడబాప కూతురే ఈమె. ఈమెదీ మా ఆయనదీ ఒకే ముక్కు అని పెళ్ళయిన కొత్తలో నేను భోజనాల దగ్గర పైకే అనేశాను. ఆ పూట ఎవరూ మారు వడ్డించుకోలేదు.

మా బాబు పుట్టాక నేను మళ్ళీ బ్యాంకు ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. అవి వై టూ కే గండం గడిచి, ప్రపంచం కూలిపోకుండా నిలబడి, కంప్యూటర్ తెలిసిన ప్రతివాడూ తన వల్లే నిలబడిందని నమ్ముతున్న రోజులు. పిల్లాడిని చూసుకోవడానికి అత్తమ్మ వచ్చింది. అత్తమ్మను చూసుకోవడానికి ఆమె వచ్చింది. మా ఆయన అప్పుడు ఒక కన్సల్టెన్సీ నుంచి ఇంకో కన్సల్టెన్సీకి మారుతున్నారు, అందుకని ఆమె వర్క్ పర్మిట్ నా పేరు మీద తీశాం. కాగితాల ప్రకారం ఆమె యజమానిని నేను. ఈ సంగతి అత్తమ్మకు చెప్పే ధైర్యం మా ఆయనకు లేదు, నాకూ లేదు. పాస్‌పోర్టు అత్తమ్మ ఇనప్పెట్టెలో, నగల కింద ఉండేది. పెట్టె తాళం అత్తమ్మ బొడ్లో. అప్పట్లో అందరిళ్ళలోనూ అంతే. మెయిడ్ పారిపోతే ప్రభుత్వానికి కట్టిన పూచీ పోతుందని అందరూ అలాగే దాచేవారు.

ఆమెకు ఊళ్ళో ఒక కూతురు. కాలం మారింది కదా, ఆమెకు పెళ్ళి కూడా అయింది, అత్తమ్మే చేసింది. ఆ పెళ్ళికొడుకు దుబాయ్ వెళ్ళి మళ్ళీ కనబడలేదు. పిల్ల ఆమె అన్నావదినెల దగ్గర ఉంటూ ఐదో తరగతి చదువుతోంది. ఆ పిల్ల మాట ఎత్తితే తప్ప ఆమె నవ్వగా నేను చూడలేదు. "ఇంగ్లీషుల పేరు రాస్తది దొరసాని, గొలుసు లెక్క కలిపి రాస్తది" అని గాల్లో వేలితో రాసి చూపించేది. నన్ను దొరసాని అనొద్దు, అక్కా అను, లిఫ్టులో మనవాళ్ళుంటే నాకు సిగ్గవుతోందని చెప్పాను. సరేనంది. "సరే దొరసాని" అంది.

ఆదివారం మధ్యాహ్నం మా హాలు అసెంబ్లీ అయ్యేది. యూ టీ, జురాంగ్ వెస్ట్ పేటల నుంచి మా ఆయన చుట్టాలు, చుట్టాల చుట్టాలు వచ్చేవారు. అందరూ ఏదో ఒక గడిని పోగొట్టుకున్నవాళ్ళే. అందరిలోకి పెద్దాయనను, యూ టీలో ఉంటూ ఒక బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఆయనను, పెద్దబావ అనేవాళ్ళం. ఊళ్ళో ఆయన మాట తీర్పు. ఇక్కడా ఆ అలవాటు పోలేదు. పోగొట్టే అవసరం ఎవరికీ కలగలేదు.

ఒక ఆదివారం జురాంగ్ వెస్ట్ నుంచి వచ్చే తమ్ముడొకడు, కొత్తగా చేరిన ప్రోగ్రామర్, బాధ వెళ్ళబోసుకున్నాడు.

"మూడేండ్లకు బాండు రాయించుకున్నరు పెద్దబావా. ఇడిసిపెట్టి పోత అంటె పోనియ్యరు. సర్టిఫికెట్లు గూడ వాళ్ళ దగ్గర్నే వెట్టుకున్నరు. గిది వెట్టి గాకపోతె ఏంది?"

"వెట్టే తమ్మీ. సైబర్ వెట్టి," అన్నారు మా ఆయన.

"మనిషిని కొనుక్కున్నట్టే జేస్తున్నరు."

"ఎక్కడన్న ఉందా ఈ అన్యాయం?"

"చాయ్ తీస్కో దొరా," అని ఆమె ట్రే పట్టుకుని వాళ్ళ మధ్యన నిలబడింది. తీసుకున్నారు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. నవ్వితే ఎందుకని అడుగుతారు. ఇంతలో మాట ఊరి మీదికి మళ్ళింది.

"మన దగ్గర జీతగాళ్ళు గిట్లనే ఉండిరా?" అన్నారు పెద్దబావ. "ఇంట్లె పిల్లలోలె సూస్కున్నం. పెండ్లిళ్ళు జేసినం. రోగమొస్తె మందులిప్పిచ్చినం. సంఘపోళ్ళొచ్చి వాళ్ళ మనసు ఖరాబు జేసిండ్రు."

"వాళ్ళు ఎప్పుడైనా వెళ్ళిపోతామన్నారా పెద్దబావగారూ?" అని అడిగాను.

"ఎందుకంటరమ్మా? ఎటు పోతరు?" అన్నారాయన ఎంతో నిబ్బరంగా. ఆ జవాబులో ఆయనకు లోటేమీ కనబడలేదు. అందరూ తలలూపారు. మా బాబు మాత్రం బిస్కెట్ వద్దని, "డోంట్ వాంట్ లా" అని గట్టిగా అరిచాడు. ఆ సభలో కాదనే హక్కు వాడికొక్కడికే ఉండేది.

తర్వాత కొద్ది రోజులకు మా ఆడబిడ్డ పెళ్ళి కుదిరింది. అబ్బాయి బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. అత్తమ్మ ఆనందానికి సెరంగూన్ రోడ్డు చాలలేదు. నన్నూ ఆమెనూ వెంటబెట్టుకుని దుకాణం తరవాత దుకాణం తిరిగింది. పట్టుచీరలయ్యాయి, పరుపుల దుప్పట్లయ్యాయి. చివరికి పిల్లల బట్టల దగ్గర ఆగింది.

"గీ గులాబీ రంగుది నీ బిడ్డకు మంచిగుంటదా సూడే."

ఆమె నమ్మలేదు. "నా బిడ్డకా దొరసాని?"

"నీ బిడ్డకే. కొలత నీకే తెలుస్తది గద."

ఆమె గాలిలో చెయ్యి చాపి, నడుము కన్నా కొంచెం పైన ఆపింది. "పోయినేడు గింతుండె," అంది. చెయ్యి ఇంకాస్త పైకి జరిపింది. "గిప్పుడు గింత అయి ఉంటది." ఆ లేని పిల్ల పక్కన గులాబీ రంగు అంగీని వేలాడదీసి, తల పక్కకు వంచి చూసింది. దుకాణం తమిళాయన కూడా ఆ ఖాళీ చోటు వంకే చూస్తూ, సరిపోతుందన్నాడు. ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దదే ఎంచింది. ఒకటి చాలంది. అత్తమ్మ నాలుగు తీయమంది.

"నాలుగెందుకు దొరసాని?"

"నాలుగన్న ఉండద్దా?" అంది అత్తమ్మ, వెల అడుగుతూ.

బస్సులో కూర్చున్నాక అసలు సంగతి చెప్పింది. దాచిపెట్టి చెప్పలేదు. మంచి కబురు నింపాదిగా చెప్పాలని అంతవరకూ ఆగింది, అంతే.

"నా బిడ్డ వెంబడి నీ బిడ్డను తోలుతున్న. బెంగుళూరుకు. ఏసీ ఇల్లు. టీవీ ముంగట కూసుండి అన్నం తింటది. నీ అవ్వ నా వెంబడి ఎడ్లబండిల వచ్చింది, నీ బిడ్డ ఇమానంల పోతది. ఎంత రాత ఉంటె గిట్లయితది చెప్పు?"

ఆమె ఒళ్ళో బట్టల సంచి ఉంది. దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. ఆంగ్ మో కియోలో దిగేదాకా అలాగే ఉంది. సంతోషంతో నోట మాట రావడం లేదని అత్తమ్మ నా చెవిలో చెప్పింది.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది. నన్ను ఆమె ఎప్పుడూ పిలవలేదు, నేనే పిలిచేదాన్ని. స్టవ్ మీద పాలు పొంగి పారుతున్నాయి, ఆమె చూడటం లేదు.

"చిన్న దొరసాని, నన్ను ఇంటికి తోలియ్యి."

"పెళ్ళికా?"

"పెండ్లికంటె ముందల. పిల్లను తీస్కపోయి హాస్టల్ల ఎయ్యాలె. పంతులమ్మ చెప్పింది, తల్లి వచ్చి ఏలుముద్ర ఏస్తె తీస్కుంటరట. మా వదినెతోని కాదు. దొరసాని కాడ్నుంచి కబురొస్తె అది పిల్లకు తల దువ్వి పంపిస్తది."

పెళ్ళికూతురు మంచిది, చదువుకున్న పిల్ల, కష్టపెట్టదు అని నేనేదో అన్నాను.

"ఈ దొరసాని మాత్రం కష్టపెట్టిందా? మా అవ్వను ఏనాడు కొట్టలే," అంది. "మా అవ్వ వచ్చిన్నాడు నా బిడ్డంతనే ఉండె. తర్వాత నేను పుట్టిన. బడికి పోతె పంతులు నాయిన పేరేందని అడిగిండు. గడి దిక్కు సూపిచ్చిన. పంతులు రాసుకోలే. మల్ల నేను బడికి పోలే."

పాల గిన్నె దించాను. ఏదన్నా సరదాగా అనడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ పూట ఏమీ తోచలేదు.

"ఆగు, నేను చూస్తా," అన్నాను.

చూడటం మా ఆయనతో మొదలుపెట్టాను. ఆయన చెడ్డవారు కాదు. ఆమె చేతి వంట తిని బాగుందని చెప్పే మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కరే. అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇప్పుడు అమ్మతోని ఈ ముచ్చట పెడితె పెండ్లి ఆగమాగమైతది. పెండ్లి కానియ్యి, చూద్దాం," అన్నారు.

"పెళ్ళయ్యాక చూడ్డానికి ఏముంటుంది? పిల్ల వెళ్ళిపోతుంది."

"పర్మనెంట్‌గ పోతదా ఏంది?"

"వాళ్ళమ్మమ్మ ఎప్పుడు తిరిగొచ్చింది?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకున్నారు. అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

తర్వాత ఆఫీసు నుంచి పెళ్ళికూతురికే ఫోన్ చేశాను. కాలేజీలో స్త్రీ స్వేచ్ఛ మీద వక్తృత్వ పోటీలో ఆమెకు కప్పు వచ్చింది, ఆ కప్పు హైదరాబాద్ ఇంట్లో షోకేసులో ఉంది. నా ఆశ దాని మీద పెట్టుకున్నాను.

"వదినా, నేనేమన్న రాక్షసినా?" అంది. "దాన్ని నేను అక్కడ మంచి స్కూల్ల వేస్త. నా చెల్లెలు లెక్క చూసుకుంట."

"చెల్లెల్నైతే వాళ్ళమ్మను అడిగి తీసుకెళ్తారు కదమ్మా."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "నాకు అక్కడ ఎవ్వరు తెల్వదు వదినా. అత్త ఎట్లుంటదో తెల్వదు. ఒక్కదాన్నే ఎట్ల పోవాలె చెప్పు? భయమైతది." నిజంగానే ఏడ్చింది. నేను ఓదార్చి ఫోన్ పెట్టేశాను. ఎందుకు ఫోన్ చేశానో ట్రైన్‌లో గుర్తొచ్చింది.

ఇక అత్తమ్మను అడిగాను. అత్తమ్మ కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండేది. బాధపడింది. "ఆమెకు నేనేం తక్కువ జేసిన? కడుపుల బిడ్డ లెక్క సూస్కుంటి. నువ్వు పట్నంల పుట్టినవు, నీకు ఈ సంబంధాలు తెల్వయి బిడ్డా," అంది. సంబంధం ఏమిటో నాకు బాగానే తెలుసు, ముక్కు చూసిన రోజే తెలిసింది. కాని ఆ మాట ఈ సారి లోపలే ఉంచుకున్నాను.

నేను ఇలా చూస్తూ ఉండగానే ఆమె తనే కదిలింది. ఆ ఆదివారం అందరూ వచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. హాల్లో మాటలు ఒక్కసారిగా ఆగిపోతే తొంగిచూశాను. చాయ్ ట్రే నేల మీద ఉంది. ఆమె పెద్దబావ కాళ్ళ దగ్గర కూలబడి, రెండు చేతులూ ఆయన పాదాల మీద పెట్టింది.

"నీ బాంచెన్ దొరా. నా బిడ్డను తీస్కపోవద్దని చెప్పు. నన్ను తోలియ్యమని చెప్పు. నీ కాల్మొక్త."

నీ బానిసను అని ఆ మాటకు అర్థం. చిన్నప్పుడు వాళ్ళందరూ రోజూ విన్న మాట. సింగపూర్‌లో, ఎనిమిదో అంతస్తులో, ఏసీ కింద వినిపించేసరికి ఎవరో చెంప మీద కొట్టినట్టయ్యారు. పెద్దబావ కాళ్ళు రెండూ సోఫా మీదికి లాక్కున్నారు. ఆమె చేతులు ఖాళీ నేల మీద ఉండిపోయాయి.

"లే, లే. ఏందిది? ఇక్కడ గివన్ని చెయ్యద్దు. పక్కింటోళ్ళు సూస్తె ఏమనుకుంటరు?"

"పాపం, తోలియ్యరాదు అత్తమ్మా," అన్నాడు జురాంగ్ వెస్ట్ తమ్ముడు, నేల చూపులు చూస్తూ.

"నీ బాండు సంగతి నువ్వు సూస్కో తమ్మీ," అంది అత్తమ్మ.

అందరూ పెద్దబావ వంక చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు. పెళ్ళయ్యేదాకా ఆమె ఇక్కడే ఉండాలి, ఆ తర్వాత ఒకసారి ఊరికి పంపించాలి, పిల్లను బెంగుళూరులో బడిలో వెయ్యాలి, ఇదీ తీర్పు. అందరికీ న్యాయం జరిగిందన్నట్టు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చాయ్ చల్లారిపోయిందని ఎవరో అన్నారు. ఆమె లేచి వేడి చేసుకొచ్చింది.

ఆ మర్నాడు పక్కింటి చైనీస్ ఆంటీ నన్ను వరండాలో పట్టుకుంది. మా బ్లాకులో అందరి సంగతులూ ఆమెకు తెలుసు, ఎవరిదీ దాచుకోదు. "యువర్ మెయిడ్ ఎవ్రీడే క్రైయింగ్ ఎట్ ద స్టెయిర్‌కేస్, యూ నో ఆర్ నాట్?" అంది. కింద మార్కెట్‌లో వీళ్ళిద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు గాని, పాస్‌పోర్టు సంగతి, పిల్ల సంగతి ఆంటీకి పూర్తిగా తెలిశాయి. కింద వీధిలో పోలీస్ పోస్ట్ ఉంది, తాను వెంటబెట్టుకుని వెళ్తానంది. "ఐ బ్రింగ్ హర్, కెన్?"

ఆమె తలుపు సందులోంచి నన్నే చూస్తోంది. "పోనా దొరసాని?" అంది.

పోలీసులు అనేసరికి నా బుర్ర చాలా వేగంగా పనిచేసింది. పర్మిట్ నా పేరు మీద ఉంది. మా ఆయన కొత్త ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. పెళ్ళి ఇంట్లో అత్తమ్మ పరువు పోతుంది. ఇదంతా ఆలోచించినట్టు కనబడకుండా ఇంకో మాట చెప్పాను. అది కూడా నిజమే. పెళ్ళికి నేను వెళ్ళడం లేదు. మా బ్యాంకులో కొత్త సిస్టమ్ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే, సెలవు ఇవ్వలేదు. బాబు నన్ను వదిలి ఉండడు కనుక వాడూ ఇక్కడే, వాడి కోసం ఆమె కూడా ఇక్కడే. అత్తమ్మా మా ఆయనా ముందుగా వెళ్తున్నారు. వాళ్ళు విమానం ఎక్కగానే పెట్టె తెరిపిస్తాను, టికెట్ కొని పెట్టుకుంటాను, పెళ్ళికి ముందే ఊరు చేరతావు అన్నాను.

"పోలీసులెందుకు. ఆగు. నేనే పంపిస్తా."

"నిజంగ తోలిస్తవా?"

"నిజంగా."

ఆమె ఆంటీ వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపింది, వద్దని. ఆంటీ భుజాలెగరేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజులన్నీ ఆమె ఇల్లు అద్దంలా ఉంచింది. పాత సంచి ఒకటి ఉతికి ఆరేసుకుంది. అత్తమ్మకు అడగకుండానే మోకాళ్ళకు నూనె రాసింది. అణకువ వచ్చిందని అత్తమ్మ పెద్దబావకు ఫోన్ చేసి మరీ చెప్పింది. నేను బ్యాంకులో కూర్చుని దొంగలా టికెట్ కొన్నాను. జీవితంలో మొదటిసారి నా పేరు మీదున్న యజమాని హోదా వాడుతున్నందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

వాళ్ళను విమానాశ్రయంలో దింపి వచ్చిన పొద్దున్నే తాళాలాయనను పిలిచాను. కింద మార్కెట్‌లో తాళంచెవులు చేసే చైనీస్ అంకుల్, చిన్న పెట్టె పట్టుకుని ఆరులో దిగి, రెండంతస్తులు రొప్పుతూ ఎక్కి వచ్చాడు. "యువర్ బాక్స్ ఆర్ నాట్?" అని అడిగాడు. మాదే అన్నాను. ఆమె కట్టుకున్న చీరతో, సంచి పక్కన పెట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పులు వేసుకుని మరీ నిలబడింది. ఇంట్లో చెప్పులతో ఆమెను చూడటం అదే మొదలు.

పెట్టె తెరుచుకుంది. నగలు పెళ్ళికి వెళ్ళాయి, అది తెలిసిందే. వాటి కింద వేసే ఎర్ర ముఖమల్ గుడ్డ ఉంది. గుడ్డ కింద గడి భూముల పట్టాలున్నాయి, ఆ భూములిప్పుడు ఎవరు దున్నుతున్నారో అందరికీ తెలిసినా సరే, నాలుగు మడతలు పెట్టి, కర్పూరం బిళ్ళలు వేసి. పాస్‌పోర్టు లేదు. గుడ్డ దులిపాను. కాగితాలన్నీ ఒక్కొక్కటే విప్పాను. పెట్టెను బోర్లించాను. తాళాలాయన డబ్బు అడగకుండా చాలాసేపు నిలబడ్డాడు.

హైదరాబాద్‌కు ఫోన్ కలిసేసరికి సాయంత్రమైంది.

"అమ్మ వెంబడి తెచ్చుకుంది," అన్నారు మా ఆయన, గొంతు తగ్గించి. "నేనూ ఇక్కడికొచ్చినంకనే చూసిన. అక్కడ వదిలిపెడితే భద్రం కాదనుకుందట."

పాస్‌పోర్టు ఇండియా వెళ్ళింది, మనిషి సింగపూర్‌లో ఉంది. ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. వెంటనే కొరియర్ చెయ్యమన్నాను. అత్తమ్మ తన పరుపు కింద దాచుకుందని, ఇంటినిండా చుట్టాలని, పెళ్ళి కాగానే తప్పకుండా పంపిస్తానని చెప్పారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ కుటుంబంలో బాధపడనివాళ్ళు ఎవరూ లేరు, అదే నాకు దిక్కు తోచకుండా చేసింది. మర్నాడు మన దేశపు రాయబార కార్యాలయానికి ఫోన్ చేశాను. పాస్‌పోర్టు పోయిందని పోలీసులకు రాసిచ్చిన కాగితంతో రండి, కొంత సమయం పడుతుంది అన్నారు మర్యాదగా. కొంత సమయం మా దగ్గర లేదు. అప్పుడైనా పోలీస్ పోస్టుకు వెళ్దామని చెప్పులేసుకున్నాను. తలుపు దాకా వెళ్ళాక బ్యాంకు నుంచి ఫోన్, కొత్త సిస్టమ్ పడిపోయింది, రమ్మని. ఆమెను చూసి, "వచ్చాక వెళ్దాం," అన్నాను. వచ్చేసరికి తెల్లవారింది. అప్పటికి ఊళ్ళో ఆమె వదినె పిల్లకు తల దువ్వి పట్నం బస్సు ఎక్కించింది.

పెళ్ళి రోజున మధ్యాహ్నం ఫోన్ మోగింది. వెనక సన్నాయి, జనం. మా ఆయన. "పిల్ల ఇక్కడే ఉంది, ఒక్క నిమిషం మాట్లాడమను. ఎవరూ చూడట్లేదు," అన్నారు. ఆయనకు చేతనైన సాయం అది. నేను రిసీవర్ ఆమెకిచ్చాను. బాబు ఆమె కొంగు పట్టుకుని గుంజుతున్నాడు.

"తిన్నవా?" అంది. "ఏం తిన్నవ్? ... బూందీ లడ్డా? ... అంగీ సరిపోయిందా? ... గులాబీదేనా? ... పెద్దగైతె ఏమాయె, మడిచి కుట్టుకో." అవతల పిల్ల ఏదో చాలాసేపు చెప్పింది. ఆమె వింటూ గోడ మీద వేలితో ఏదో గీస్తూ ఉంది. "ఆఁ. ఆఁ. నేనొస్త. ... ఎప్పుడో నాకేం తెలుసు బిడ్డా. ... ఇను. అక్కడ ఎవ్వరు పిలిచినా ఒక్కదానివి పోకు. దొరసాని రూములనే పండుకో. ఆమె వద్దంటె వంటింట్ల పండుకో, లోపట గొల్లెం పెట్టుకొని పండుకో. ఇన్నవా? గొల్లెం అందకపోతె స్టూలు ఏస్కో."

లైను తెగింది. ఆమె రిసీవర్‌ను కొంగుతో తుడిచి, జాగ్రత్తగా ఫోన్ మీద పెట్టింది. బాబును ఎత్తుకుని చంకనేసుకుంది.

వాళ్ళు తిరిగి రాగానే మొదటి పని పాస్‌పోర్టు తీసుకోవడమేనని, ఈసారి అత్తమ్మతో గట్టిగా మాట్లాడతానని, అవసరమైతే నేనే బెంగుళూరు వెళ్ళి పిల్లను తీసుకొస్తానని, ఇంకా ఏవేవో చెబుతూ పోయాను. ఆమె అంతా వింది. పిల్లాడి నోరు తుడిచింది.

"నీతోని కాదని ఆ పొద్దే చెప్పకపోతివి దొరసాని," అంది. "చీనా ముసలామె వెంబడి పోతుంటి."